'దానివల్లే ఇలా అయింది' అన్న మాటను పరీక్షించడం ఎలా?

ఈనిక దశలో ఉన్న వరి సుడులు సుడులుగా ఎండిపోతే గట్టు మీద నాలుగు మాటలు వినిపిస్తాయి. "రెండోసారి మందు కొట్టలేదు, అందుకే." "కొట్టిన మందే కొంప ముంచింది." "యూరియా ఎక్కువైంది." "ఈ ఏడు అందరికీ ఇంతే." నాలుగూ ఒకే మడి గురించి, నాలుగూ నమ్మబుద్ధేసేవే. పైగా వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చి పైరును ఇలా ఎండబెట్టే సుడిదోమ విషయంలో ఈ నాలుగూ ఎక్కడో ఒకచోట నిజమైన సందర్భాలున్నాయి. అందుకే "అలా జరిగే వీలుందా?" అని అడిగితే ఏమీ తేలదు. "ఇంకేం జరిగినా నాకు ఇదే కనిపించి ఉండేదా?" అని అడగాలి.

దీనికి ఒక నోటుబుక్కు, ఓ గంట చాలు. వరి మడిని ఆసరాగా తీసుకుని చెబుతున్నాం గానీ, కోచింగ్ ప్రకటనకైనా, వాట్సాప్‌లో వచ్చిన ఆరోగ్య సలహాకైనా పద్ధతి ఇదే.

1. వాదాన్ని పోలికతో సహా ఒక్క వాక్యంలో రాయండి

"మందు కొట్టకపోవడం వల్ల దోమ పట్టింది" అన్నది పరీక్షకు నిలిచే వాక్యం కాదు. ఏ మందు, పైరు ఏ దశలో ఉండగా, ఎన్ని రోజుల తర్వాత, దుబ్బుకు ఎన్ని దోమలు, దేనితో పోలిస్తే ఎక్కువ? తిరగరాస్తే ఇలా వస్తుంది: "పొట్ట దశలో రెండోసారి మందు కొట్టని మడుల్లో, కొట్టిన మడుల కంటే, 15 రోజుల తర్వాత దుబ్బుకు దోమలు ఎక్కువ." చాలా వాదాలు ఈ తిరగరాతలోనే కూలిపోతాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, 'దేనితో పోలిస్తే' అన్న ముక్క ఉండదు. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఊపిరాడకుండా చదివే ర్యాంకుల ప్రకటనలో ఎంతమంది చేరితే అన్ని ర్యాంకులు వచ్చాయో వినిపించదు. హారం లేని లవం అది.

2. ఫలితం నిజంగా ఉందో లేదో ముందు చూడండి

లేని మార్పుకు కారణాలు వెతకడం మనుషులకు మహా ఇష్టం. పొలంలో అయితే లెక్కపెట్టండి. గట్టు పక్క దుబ్బులు వదిలేసి, మడిలోకి దిగి ఐమూలగా నడుస్తూ 20 దుబ్బులు ఎంచుకోండి. దుబ్బును ఒక పక్కకు వంచి మొదలు దగ్గర తట్టి, నీళ్ల మీద పడ్డ దోమల్ని లెక్కించండి. ఆ దోమల్ని తినే సాలీళ్లనూ మిరిడ్ నల్లుల్నీ విడిగా రాసుకోండి, తర్వాత పనికొస్తాయి. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలుంటే నష్టం కలిగే స్థాయి అని మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెబుతాయి. రెండు మడుల్లోనూ ఒకే మనిషి, ఒకే పూట లెక్కపెట్టాలి. మందు కొట్టిన మడినే రోజూ తొంగిచూసి, కొట్టనిదాన్ని గట్టు మీంచి చూసి వస్తే తేడా పైరులో ఉండదు, చూపులో ఉంటుంది.

పెద్ద లెక్కల్లోనూ ఇదే గొడవ. ఇంటింటి సర్వేల్లో "గత కొద్ది రోజుల్లో జబ్బు పడ్డారా?" అని అడిగితే బీహార్ కంటే కేరళలో ఎక్కువమంది అవునంటారు. ఆయుర్దాయం చూస్తే కేరళది మెరుగు. చదువు, ఆసుపత్రి దగ్గరగా ఉండడం, వృద్ధులు ఎక్కువగా ఉండడం వల్ల జబ్బును గుర్తించడం, చెప్పడం పెరుగుతాయి. ఏదైనా 'పెరిగింది' అనగానే లెక్కపెట్టే పద్ధతి మారిందా, పరీక్షలు పెరిగాయా, పేరు పెట్టే తీరు మారిందా అని చూసుకోండి.

3. పోటీ కారణాలను కనీసం ఐదు రాయండి

మీకు నచ్చిన కారణాన్ని పేజీ పైన రాసి, దాని కింద దానికి పోటీ వచ్చేవాటిని రాయండి. రెండు మూడు దగ్గర ఆగిపోతారు, మామూలే. అప్పుడు కింది ప్రశ్నలతో ముందుకు నెట్టండి.

వరస తలకిందులై ఉండొచ్చా? మందు ఎక్కువ కొట్టిన పొలాల్లో దోమ ఎక్కువగా ఉంటే, మందు దోమను పెంచి ఉండొచ్చు, లేదా దోమ చూసే రైతు మందు కొట్టి ఉండొచ్చు.

రెంటి వెనకా మూడోది ఉందా? యూరియా దండిగా వేసిన పైరు గుబురుగా, మెత్తగా పెరిగి దోమను పిలుస్తుంది. యూరియాకు వెనకాడని రైతు మందుకూ వెనకాడడు. దగ్గర దగ్గరగా నాటడం, కాలిబాటలు తీయకపోవడం, నీళ్లు ఎప్పుడూ నిలవగట్టడం, దోమను తట్టుకోలేని బీపీటీ 5204 లాంటి రకం వేయడం కూడా ఈ జాబితాలోకే వస్తాయి.

దానంతటదే జరిగేదా? దోమ విపరీతంగా ఉన్న రోజునే మందు కొడతాం. శిఖరం తర్వాత దిగుడే కదా. పైరు ముదిరేకొద్దీ సుడిదోమలో పొడవు రెక్కలవి ఎక్కువై ఎగిరిపోతాయి కూడా. "కొట్టాక తగ్గింది" అనడానికి మందే అక్కర్లేదు. జ్వరం, నడుం నొప్పి, పిల్లాడి మార్కులు, బ్యాటర్ ఫామ్, అన్నింటిలోనూ ఇంతే. మరీ చెడ్డ రోజున మొదలుపెట్టిన ఏ వైద్యమైనా పనిచేసినట్టే కనిపిస్తుంది.

ఎవరు ఎందులోకి చేరారు? ర్యాంకులు తెచ్చే కాలేజీ ప్రవేశానికి ముందే పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకుంటే ఆ ర్యాంకులో చదువు చెప్పిన వాటా ఎంత, ఏరుకున్న వాటా ఎంత? సివిల్స్ విజేత ఏడాదంతా అక్కడే చదివాడా, చివరి వారం ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకే వెళ్లాడా? 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చి, విజేత ఏ కోర్సు తీసుకున్నాడో చెప్పి తీరాలన్నది ఇందుకే.

దానితోపాటు ఇంకేం మారింది? కొత్త మందుతోపాటు నాజిల్ మార్చారు, నీళ్లు తీశారు, వాన కురిసింది.

చివరగా, కాకతాళీయమా? కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణాన జరిగాయి. పండు అప్పటికే పండి ఉందన్న సంగతి ఈ మాటలోనే దాగి ఉంది, మనం వాడేటప్పుడు దాన్ని మరిచిపోతుంటాం.

4. ఒక్కో కారణానికి ఎదురుగా 'ఇదే నిజమైతే ఇంకేం కనిపించాలి' అని రాయండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. సగం సమయం దీనికే పెట్టండి. రెండు కారణాలూ ఒకే సంగతిని వివరించగలిగితే ఆ సంగతి వాటి మధ్య తీర్పు చెప్పలేదు. అవి ఎక్కడ విడిపోతాయో ఆ చోటు వెతకాలి.

మలేరియానే చూడండి. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. చిత్తడి నేలలు, పల్లపు ప్రాంతాలు, రాత్రి వేళ, వానాకాలం, ఇవన్నీ చెడుగాలి వాదానికి చక్కగా సరిపోయాయి. మనిషిని కుట్టే దోమే కారణమన్న వాదానికీ అంతే చక్కగా సరిపోయాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అయినా చెడుగాలి సంగతి విడిగా తేల్చాల్సి వచ్చింది. 1900లో ఇద్దరు వైద్యులు ఇటలీలో మలేరియాకు పేరుపడ్డ రోమ్ పరిసరాల చిత్తడిలో, దోమతెర బిగించిన గుడిసెలో, ఆ రాత్రిగాలే పీలుస్తూ ఉన్నారు. జ్వరం రాలేదు. అదే ఏడాది ఇటలీ నుంచి పరాన్నజీవి ఉన్న దోమల్ని లండన్ తెప్పించి, చిత్తడితో సంబంధం లేని ఒకరిని కుట్టించారు. జ్వరం వచ్చింది. ఒకచోట గాలి ఉంది దోమ లేదు, ఇంకోచోట దోమ ఉంది గాలి లేదు. మీరు వెతకాల్సింది ఇలాంటి జంటను.

మన మడికి వద్దాం. దోమను చూసి మందు కొట్టారన్నది నిజమైతే, మందుకు ముందురోజు లెక్కలోనే ఆ మడుల్లో దోమ ఎక్కువ ఉండాలి. మందే దోమను పెంచిందన్నది నిజమైతే ముందురోజు రెండు రకాల మడులూ సమానంగా ఉండి, కొట్టిన రెండు మూడు రోజుల్లో సాలీళ్లు, మిరిడ్ నల్లులు పడిపోయి, రెండు వారాలకు దోమ ఎగబాకాలి. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు వాటిని తాకదు. వారం పది రోజుల్లో పొదిగి పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినేవాళ్లు ఉండరు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టిన చోట ఇది బాగా కనిపించాలి, దోమను తినే మిత్రపురుగుల్ని అంతగా చంపని మందులు కొట్టిన చోట తక్కువగా ఉండాలి. యూరియాయే కారణమైతే తేడా మందు వెంట పోదు, బస్తాల వెంట పోతుంది. 'ఈ ఏడు అందరికీ ఇంతే' అయితే ఊళ్లో ఏ మడి చూసినా ఒకేలా ఉండాలి.

ఈ అంచనాలన్నీ లెక్క చూడకముందే రాసి తేదీ వేయండి. చూశాక రాస్తే ఏ కారణమైనా ఏ లెక్కకైనా సరిపోతుంది.

5. పోటీ కారణాన్ని కదలకుండా పట్టుకుని మళ్లీ పోల్చండి

అంకెలతో చూపిస్తే తేలిగ్గా పట్టుబడుతుంది. 40 మడులు ఉన్నాయనుకుందాం. మందు కొట్టిన 20లో 13 సుడులు పడ్డాయి, కొట్టని 20లో 7. మందే దోషి అనిపిస్తుంది. ఇప్పుడు యూరియా ప్రకారం విడదీయండి. ఎకరాకు 3 బస్తాలు దాటిన మడుల్లో, మందు కొట్టిన 15లో 12 పోయాయి, కొట్టని 5లో 4 పోయాయి. రెండూ 80 శాతమే. యూరియా మితంగా వేసిన మడుల్లో కొట్టిన 5లో 1, కొట్టని 15లో 3. రెండూ 20 శాతమే. మొత్తం మీద కనిపించిన తేడా లోపలికి వెళ్లేసరికి సున్నా అయింది.

ఇక్కడొక గోతి ఉంది, చదువుకున్నవాళ్లు ఎక్కువగా పడేది. అన్నింటినీ విడదీయకూడదు. కారణానికీ ఫలితానికీ మధ్య దారిలో ఉన్నదాన్ని పట్టుకుంటే కారణమే మాయమవుతుంది. మందు సాలీళ్లను చంపడం ద్వారా దోమను పెంచుతుందన్నది మీ వాదమైతే, సాలీళ్ల సంఖ్య సమానంగా ఉన్న మడుల్ని మాత్రమే పోల్చకండి. అలా చేస్తే మందుకు శిక్ష తప్పించినట్టే. కారణం కంటే ముందు ఉన్నవాటిని (రకం, నేల, నాటు దూరం, మందుకు ముందే వేసిన యూరియా) పట్టుకోండి, తర్వాత పుట్టినవాటిని వదిలేయండి.

6. కాలం వెంట నడిచే వాదాలతో మరింత జాగ్రత్త

"అది వచ్చింది, ఇది పెరిగింది" అనే రకం. కాయతొలిచే పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. దేశ సగటు దూది దిగుబడి హెక్టారుకు అప్పట్లో సుమారు 300 కిలోలు, 2007–08కి 554. బీటీ వల్లే అని ఒక పక్షం. కానీ 2004–05 నాటికే దిగుబడి 470కి చేరింది, అప్పటికి అధికారిక లెక్కలో బీటీ విస్తీర్ణం 6 శాతం లోపే. మోతాదు తక్కువ ఉన్న రోజుల్లోనే ఫలితంలో పెద్ద భాగం వచ్చేసింది. అదే కాలంలో గుజరాత్‌లో సాగునీరు పెరిగింది, కొత్త హైబ్రిడ్లు, ఎక్కువ ఎరువు, రసం పీల్చే పురుగులకు ఇమిడాక్లోప్రిడ్ విత్తనశుద్ధి, మంచి వానలు కలిసొచ్చాయి. కథ ఇక్కడితో ముగిసిందనుకోకండి. గుజరాత్‌లో అనుమతి లేని బీటీ విత్తనం 2001లోనే బయటపడింది, కాబట్టి ఆ 6 శాతం అసలుకంటే తక్కువే. ఇటుపక్క, ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో అవే రైతు కుటుంబాలను 2002 నుంచి 2008 దాకా వెంబడించి 2012లో వెలువరించిన అధ్యయనంలో బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం పెరిగిందని వచ్చింది. అదే రైతును అతనితోనే పోల్చడం వల్ల "చురుకైన రైతులే ముందు వేశారు" అన్న పోటీ కారణం బలహీనపడుతుంది. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకునే శక్తి తెచ్చుకుంది, అది వేరే లెక్క. మా అంచనాలో, దేశ సగటు గ్రాఫ్ ఒక్కటి చూపించి బీటీ అద్భుతమన్నా దండగన్నా ఇద్దరూ నాలుగో మెట్టు ఎక్కనివాళ్లే.

ఇలాంటి వాదం ఎదురైతే మూడు చూడండి. కారణానికి ముందే వంపు మొదలైందా? కారణం ఎక్కువ పడ్డ చోట ఫలితమూ ఎక్కువా? కారణాన్ని తీసేస్తే ఏమైంది? 1986లో ఇండోనేషియా వరిపై 57 పురుగుమందుల్ని నిషేధించి, తర్వాతి రెండు మూడేళ్లలో మందుల సబ్సిడీ ఎత్తేసింది. సుడిదోమ బెడద తగ్గింది, వరి దిగుబడి పడిపోలేదు. మందే దోమను పెంచుతోందన్న వాదానికి ఇది బలమైన మద్దతు. అయితే ఆ రోజుల్లోనే దోమను కొంత తట్టుకునే ఐఆర్ 64 రకం కూడా అక్కడ వ్యాపించింది. కాబట్టి మెచ్చుకున్న సాక్ష్యానికీ మూడో మెట్టు తప్పదు.

7. వీలైతే చిన్న పరీక్ష పెట్టండి

ఒకే మడిని రెండు సగాలు చేస్తే రకం, నాటిన తేదీ, నీరు, యూరియా సమానమవుతాయి. ఏ సగానికి మందు పడాలన్నది చీటీ వేసి తేల్చండి. మీరే ఎంచుకుంటే తెలియకుండానే బాగున్న సగానికో, పాడైన సగానికో పోతారు. మధ్యలో నాలుగైదు వరసలు వదిలి లెక్కపెట్టండి, మందు గాలికి అటు కొట్టుకుపోతుంది, దోమ ఇటు నడిచి వస్తుంది. కొట్టేముందు ఒకసారి, 3వ రోజు, 15వ రోజు లెక్క.

ఒక్క మడి చాలదు. మందుకు ఏ ప్రభావమూ లేకపోయినా ఏదో ఒక సగంలో దోమ ఎక్కువ ఉంటుంది కదా. మూడు మడుల్లో మూడూ మీరు ముందే రాసుకున్న వైపే మొగ్గడం కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం 8లో 1. అయిదు మడులైతే 32లో 1. నలుగురు పొరుగు రైతుల్ని కలుపుకుంటే ఈ సంఖ్య అందుతుంది.

8. గెలిచిన కారణం ఒంటరిదో కాదో చూడండి

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లిచీ పండ్ల కాలంలో ఏటా పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో పడిపోయేవారు. మెదడువాపు వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు, పురుగుమందు అన్నారు. 2014లో 104 మంది రోగులనూ అంతే సంఖ్యలో జబ్బు లేని పిల్లలనూ పోల్చారు. రోగుల్లో లిచీ తిన్నవాళ్ల పాలు చాలా ఎక్కువగా తేలింది. జబ్బు పడ్డ పిల్లల్లో సగానికి పైగా మంది రక్తంలో చక్కెర పడిపోయి ఉంది. కానీ లిచీ తిన్న పిల్లలందరికీ జబ్బు రాదు కదా? రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో లిచీ ప్రభావం అన్నం తిన్నవారిలో కంటే రెట్టింపు పైన ఉంది. పండులోని పదార్థం శరీరం చక్కెర తయారుచేసుకునే దారిని మూసేస్తుంది, ఖాళీ కడుపు నిల్వను ఖాళీ చేస్తుంది. రెండు కారణాలు పోటీ పడటం లేదు, చేతులు కలిపాయి. "అందరికీ ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్న వాదాన్ని కొట్టేయడానికే కాదు, రెండో కారణాన్ని వెతకడానికీ పనికొస్తుంది.

9. ఎక్కడ ఆపాలి

పోటీ కారణాలను తయారుచేసుకుంటూ పోతే అంతుండదు. క్యాన్సర్‌కు ఇంకేదో కారణం కావచ్చంటూ సిగరెట్ కంపెనీలు దశాబ్దాల తరబడి బతికింది ఆ అంతులేనితనం మీదే. పోటీ కారణానికీ షరతు ఉంది: అది కూడా నాలుగో మెట్టు ఎక్కి, తాను నిజమైతే ఏం కనిపించాలో చెప్పాలి. "ఇంకేదైనా కావచ్చుగా" అనేది కారణం కాదు, కొట్టేయండి.

మిగిలినవాటిలో తేలనివి ఉంటే పొరపాటు ఖరీదు చూడండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు భూగర్భజలాల్లోని సిలికా, పురుగుమందులు, ఎండలో చాలినన్ని నీళ్లు తాగకుండా చేసే పని, వంశపారంపర్యం, ఇలా ఎన్నో అనుమానాలు ఉన్నాయి, ఒక్కటీ ఖాయం కాలేదు. అయినా మంచినీళ్లు ఇవ్వడానికి తీర్పు కోసం ఆగక్కర్లేదు. నీరు కారణం కాదని రేపు తేలినా పోయేదేమీ లేదు. ఒక కుటుంబానికి సంబంధం తప్పించేందుకు 'వంశపారంపర్యం' అన్న మాట వాడాలంటే మాత్రం తీర్పు కావాల్సిందే.

మీ మడిలో చివరికి పైరిత్రాయిడూ యూరియా రెండూ అనుమానితులుగా మిగిలాయనుకోండి. వచ్చే పంటకు రెండూ తగ్గించి, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయండి, ఖర్చు పెద్దగా ఉండదు. అయితే మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనుంటే ఒక మడిలో యూరియా పాత లెక్కనే ఉంచి, మందు ఒక్కటే మానేయండి. ఆ మడి పేరూ తేదీ నోటుబుక్కులో ఇప్పుడే రాసుకోండి.